పద్నాలుగో ఇంటి కుండ

రెండున్నరేళ్ళ అరుంధతికి ఆసుపత్రిలో అది మూడో రోజు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. ఊపిరి లాగిన ప్రతిసారీ పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. వాట్‌గంజ్ తెలుగు వీధిలో ఈ చలికాలం ఛాతీ బిగిసి ఆసుపత్రి పాలైన పిల్లల్లో అరుంధతి తొమ్మిదోది.

తొమ్మిది మందీ డాక్టర్ రఘురాం మొదలుపెట్టిన పొడి పొట్లాల పరీక్షలో ఉన్నవాళ్ళే. ఎనిమిది నెలలుగా ఆ పొట్లాలు ఇంటింటికీ పంచుతున్నది ఆరోగ్య కార్యకర్త జెరూషా. అంతకు ముందు, గంజి పులియబెట్టి తరవాణి చేసుకునే అదే ముప్పై ఒక్క ఇళ్ళకూ తిరిగి, “తరవాణి కుండల్లో కలరా పురుగుంది, పగలగొట్టెయ్యండి” అని చెప్పిందీ జెరూషాయే.

నిన్న సాయంత్రం ఆసుపత్రి మెట్ల దగ్గర, రఘురాం ల్యాబులో పనిచేసే శిబానీ జెరూషా గుప్పిట్లో ఒక తాళంచెవి కుక్కింది. “ఫ్రీజర్‌లో మూడో అర. నీ చేతిరాత నువ్వే చూసుకో” అని, ఇంకో మాట అడగనివ్వకుండా ట్రామెక్కి వెళ్ళిపోయింది.

తెల్లవారితే బంద్.

పది గంటలకు జెరూషా ఇల్లు దాటేసరికి ఖిదిర్‌పూర్ రోడ్డు మొత్తం క్రికెట్ ఆడేవాళ్ళ చేతిలో ఉంది. ట్రామ్ పట్టాల మధ్య ఇటుకలు నిలబెట్టి వికెట్లు చేశారు. కూడలి దగ్గర ఎర్రజెండాల కింద నలుగురు కుర్చీలు వేసుకుని కేరమ్స్ ఆడుతున్నారు. బస్సు లేదు, రిక్షా లేదు. అలీపూర్ దాకా నడకే. ల్యాబు ఉన్న శిశుశ్వాస కేంద్రంలో ఈరోజు ఎవరూ ఉండరు, పైఅంతస్తు క్వార్టర్సులో ఉండే రఘురాం తప్ప. ఆయన బంద్ రోజుల్లో పన్నెండింటికి గానీ కిందికి దిగడు.

“ఒలే జెరూసా! ఏటే ఆ గాబరా?”

వెనక్కి తిరిగింది. అమ్మన్నమ్మ. అరుంధతి నాయనమ్మ. డెబ్భై దాటిన మనిషి, చేతిలో ఖాళీ స్టీలు డబ్బా, కాళ్ళకు ఆమె కొడుకు, గురువులు అనేవాడు, ఓడల డాక్‌లో వేసుకునే రబ్బరు చెప్పులు.

“ఏం లేదు మామ్మా. నువ్వు ఆసుపత్రిలో లేవేటి?”

“ఒకల్నే ఉండనిత్తారంట. గురువులు ఉన్నాడు. ఆ సిస్టరు నన్ను గెంటీసినాది. ‘బుడిమా, బాడి జావ్’ అంది, ఇంటికి పొమ్మని. నాను బాడి జాలేదు, నీ ఎనకాల వొత్తన్నాను.”

“చాలా దూరం మామ్మా. నడవలేవు.”

“డాక్ గేటుకి ముప్పయ్యేళ్ళు కేరేజీ మోసినాను. నడు.”

వద్దంటే వినే మనిషి కాదు. ఇద్దరూ వంతెన ఎక్కారు. కింద కాలవ నల్లగా, కదలకుండా ఉంది. అమ్మన్నమ్మ వంతెన దిగుతూ మెల్లగా అడిగింది.

“నీ ఆదాం ఎలగున్నాడు?”

“బాగున్నాడు మామ్మా.”

“ఆడికి పిల్లికూతలు రావడం లేదు కదూ?”

“లేదు. ఆగస్టు నుంచి ఒక్కసారీ రాలేదు.”

“ఉండాల. మన వీదిలో ఒక్కడైనా బాగుండాల. దేవుడు సూసినాడు.”

జెరూషా తన మూడేళ్ళ కొడుకు బాగున్నందుకు క్రిస్మస్‌నాడు చర్చిలో కృతజ్ఞత కానుక వేసింది. అప్పుడు పక్కన నిలబడి వాడి బుగ్గలు నిమిరింది ఈ ముసలమ్మే.

ఇక దాచడం ఆమె వల్ల కాలేదు. తాళంచెవి సంగతి చెప్పింది. శిబానీ అన్న మాట కూడా చెప్పింది. అమ్మన్నమ్మ ఆగలేదు, తల తిప్పలేదు. అడుగు మాత్రం కాస్త వేగంగా పడింది.

గేటు దగ్గర దర్వాన్ బీడీ ఆర్పి లేచాడు. ఆజ్ తో బంద్, దీదీ, అన్నాడు. ఫ్రీజర్ చూసి పోతాను దాదా, కరెంటు పోతే శాంపిళ్ళన్నీ పాడవుతాయి, అని జెరూషా బెంగాలీలో చెప్పింది. ఎనిమిది నెలలుగా వచ్చిపోయే మనిషి. అతను అమ్మన్నమ్మ వైపు చూశాడు.

“మా నాయనమ్మ,” అంది జెరూషా.

*

ల్యాబులో జెరూషా ఇంతకు ముందు పాతికసార్లు అడుగు పెట్టింది. ప్రతిసారీ పిల్లల మలం శాంపిళ్ళ డబ్బాలు గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టి, సంతకం చేసి వెళ్ళిపోయేది. పసిపిల్లల పేగుల్లో ఏమేం సూక్ష్మజీవులున్నాయో చూస్తారని మాత్రం తెలుసు. డీప్ ఫ్రీజర్ తలుపు మీద చెయ్యి వేయడం ఇదే మొదటిసారి.

శిబానీ ఇచ్చిన తాళంచెవి తిప్పి తలుపు తెరవగానే తెల్లటి చలి మొహం మీదికి కొట్టింది. మూడో అర. మంచు గీకింది.

ముప్పై చిన్న సీసాలు, వరసగా. వాటి మీద తెలుగులో, నీలం సిరాతో, తన చేతిరాత. ‘1. సన్యాసమ్మ’, ‘2. దయమ్మ’, ‘3. బైరాగి ఇల్లు’...

గుర్తొచ్చింది. నిరుడు ఏప్రిల్‌లో రఘురాం ఆమె చేతికి ఖాళీ సీసాలు ఇచ్చాడు. ప్రతి ఇంటి కుండలోంచీ కొంచెం తరవాణి పట్టుకు రమ్మన్నాడు. కలరా పరీక్ష అన్నాడు. ఆ ఇళ్ళలో ఎవరూ ఎందుకని అడగలేదు. అడిగింది జెరూషా కదా.

పద్నాలుగో నంబరు సీసా వరసలో లేదు. దాని చోట ఒక ఇనుప స్టాండు ఉంది. స్టాండు నిండా వేలెడంత గొట్టాలు, యాభైకి పైగా. ప్రతిదాని మీదా టైపు చేసిన ఒకే గుర్తు: ఎ-14. వాటి వెనక, గోడకు ఆనించి, అసలు సీసా. ‘14. అమ్మన్నమ్మ.’

ఎ-14. ఎక్కడో చూసింది.

చూడడమేమిటి, రోజూ చూస్తోంది. పొడి పొట్లాలు వచ్చే ప్రతి అట్టపెట్టె మీదా అదే ముద్ర. అది సరుకు నంబరనుకుంది.

ఫ్రీజర్ పక్కన కొక్కేనికి రిజిస్టరు వేలాడుతోంది. శిబానీ ఒక పేజీ మడత పెట్టి ఉంచింది. 6-5-2007. ముప్పై ఒక్క కుండలు. కలరా: లేదు. ఇతర హానికర బాక్టీరియా: లేదు. కింద రఘురాం సంతకం.

జెరూషా వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. కుండలు పగిలింది జూన్ పదిన. ఆదివారం. ఆరాధన అయ్యాక తన తండ్రి యేసురత్నం చర్చి గుమ్మంలో నిలబడి చెప్పాడు. షాలిమార్ రైల్వే యార్డులో ముప్పై ఆరేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి, చర్చి పెద్ద, వీధి తెలుగు సంఘానికి కార్యదర్శి. ఆయన మాటంటే అటు చర్చివాళ్ళకూ ఇటు అమ్మవారి గుడివాళ్ళకూ గురి. సాయంత్రానికల్లా కుళాయి దగ్గర పెంకులు గుట్టగా పడ్డాయి. అందరికంటే ఆఖరున కుండ తెచ్చింది అమ్మన్నమ్మ. ఆమెకు చేతులు రాక, జెరూషాయే ఆ కుండ అందుకుని గట్టుకేసి కొట్టింది.

“ఏటుందే లోపల?” అమ్మన్నమ్మ వెనకనుంచి అడిగింది.

“మన తరవాణి మామ్మా. అన్ని ఇళ్ళదీ. నీది కూడా.”

“అదింకా ఎందుకుంచీనాడు? రోగం కదా?”

జెరూషా జవాబు చెప్పేలోగా గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

*

“చెల్లె! బంద్ దినం గూడ డ్యూటీయేనా?”

రఘురాం లుంగీ మీద స్వెట్టరు వేసుకుని ఉన్నాడు. చేతిలో సెల్‌ఫోను. ఎవరితోనో మాట్లాడి అప్పుడే పెట్టేసినట్టు దాని దీపం ఇంకా వెలుగుతోంది. తెరిచి ఉన్న ఫ్రీజర్ చూశాడు. అమ్మన్నమ్మను చూశాడు. నవ్వు అక్కడే ఆగింది.

అన్నా అని పిలవబోయి జెరూషా ఆగింది. వరంగల్ నుంచి వచ్చిన కొత్తలో, ‘సార్ అనకు, ఈ ఊర్ల నాకు తెలుగు మాట్లాడే చెల్లె దొరికింది’ అని ఆయనే నేర్పిన పిలుపు అది.

“డాక్టరు గారూ, కుండల్లో కలరా ఉందన్నారు.”

“ఉండొచ్చు అన్న. ఉంది అనలే.”

“నేను ఉందని చెప్పాను. ముప్పై ఒక్క గడపల్లో చెప్పాను. మీరు నా పక్కనే నిలబడి తల ఊపారు.” రిజిస్టరు ఆయన ముందుకు తోసింది. “ఇది మే ఆరో తారీకుది. జూన్ పది దాకా మీకు తెలుసు. రోజూ మా ఇంటికొచ్చి టీ తాగారు. ఒక్క మాట చెప్పలేదు.”

రఘురాం స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కిటికీలోంచి ఒకసారి గేటు వైపు చూశాడు. భయపడుతున్నాడనుకుంది జెరూషా.

“చెప్త. మొత్తం చెప్త. కోపం పక్కకు పెట్టి విను.” ఆయన గొంతు పాఠం చెప్పే గొంతైపోయింది. “మీ వీధిల, చుట్టు సందుల రెండు వందల మంది పిల్లలను చూసిన. డాక్ దుమ్ము, బొగ్గు పొగ, నీళ్ళు కారే గోడలు. సగం మందికి పిల్లికూతలు ఉండాలె. పక్క సందుల ఉన్నయి. మీ వీధిల పదిమందికి మించి లేవు. అదే గాలి, అదే మురికి. ఎందుకు? మూడేళ్ళు తిరిగిన దానికోసం.”

“కుండ,” అంది జెరూషా.

“కుండ. పసిపిల్లల పేగుల ఏ సూక్ష్మజీవులు ముందు చేరితే, ఒంట్ల ఉన్న కాపలాదళం వాటి దగ్గర్నే పని నేర్చుకుంటది. దేన్ని తరమాలె, దేన్ని వదిలెయ్యాలె అని. ఆ నేర్పు పేగుల్నే ఆగదు, ఊపిరితిత్తుల దాక పోతది. సరిగ్గ నేర్వని పిల్లకు కొంచెం దుమ్ము తగిలినా, జలుబు చేసినా ఛాతీ బిగుస్తది. అసలే మనోళ్ళు చీమ కుట్టినా యాంటీబయాటిక్ కొంటరు, ఉన్న మంచి సూక్ష్మజీవులు గూడ చస్తయి. మీ పిల్లలకు మాత్రం ఏడాది నిండినప్పటి సంది పొద్దుగాల తరవాణి అన్నం. పోయినవి మళ్ళ మళ్ళ వచ్చి చేరుతున్నయి. ఇది నా ఊహ. రుజువు కాలే. రుజువు చేసుడే ఈ పరీక్ష.”

“ఏటంతన్నాడే?” అమ్మన్నమ్మకు ఆ యాసా అర్థం కాలేదు, ఆ విషయమూ అర్థం కాలేదు.

“మన కుండ మంచిదేనట మామ్మా. పిల్లల ఊపిరికి మంచిదట. ఆయనకు ముందే తెలుసట.”

ముసలమ్మ కాసేపు రఘురాం మొహంలోకి చూసింది.

“మంచిదని నాకు తెలవదేటి? నలబయ్యేళ్ళు తాగినాను. తమరూ తాగినారు బాబూ, మా ఇంటికాడ. అమ్మ గుర్తొచ్చిందని రెండో గలాసు అడిగి మరీ తాగినారు.” ఆమె గొంతు పెరగలేదు. “మరెందుకు పగలగొట్టించినారు?”

రఘురాం జవాబు జెరూషాకు చెప్పాడు. “రెండు జట్లు చెల్లె. ఒక జట్టు పొట్లంల సూక్ష్మజీవులు ఉంటయి. రెండో జట్టుది ఉత్త పొడి. ఉత్త పొడి తాగే పిల్ల ఇంట్ల గూడ కుండ ఉంటే తేడా ఎట్ల తెలుస్తది?”

“తేడా తెలియాలంటే ఒక జట్టు పిల్లలకు జబ్బు రావాలి.”

“గట్ల అనకు.”

“ఇంకెలా అనాలి? మా దగ్గరున్నది మాతోనే పగలగొట్టించి, అందులోంచి తీసింది పొట్లం కట్టి సగం మందికే ఇచ్చారు. మిగతా సగం పిల్లలకు సున్నంలాంటి ఉత్త పొడి. ఆ సగం పిల్లలే మీ తేడా. ఎనిమిది మంది ఆసుపత్రికెళ్ళి వచ్చారు. తొమ్మిదోది ఇంకా ఊపిరి లాగుతోంది.”

“ఆ తొమ్మిది మంది ఏ జట్టో నువ్వెట్ల చెప్తవ్? ఈ చలికాలం జబ్బు అంతట ఉంది. రేపు ఇది రుజువైతే లక్షల మంది పిల్లలకు...”

“పక్క సందులో చెయ్యొచ్చు కదా?” జెరూషా ఆయన మాట మధ్యలోనే తెంపింది. “వాళ్ళకు కుండల్లేవు. పగలగొట్టాల్సిన పనే లేదు. సగం మందికి పొడి ఇచ్చి చూస్తే సరిపోయేది. ఎవరికీ ఉన్నది పోయేది కాదు. అక్కడెందుకు చెయ్యలేదు?”

రఘురాం మళ్ళీ కిటికీ వైపు చూశాడు.

“పోయిన. మూడు సార్లు పోయిన. పిల్లల మలం ఎందుకని తరిమిన్రు. పార్టీ ఆఫీసుకు పిలిచి ప్రశ్నలేసిన్రు. మీ వీధిల ఒక్క మనిషి అడగలే. నువ్వు చెప్తే చాలు, మీ నాయన చెప్తే చాలు. ముప్పై ఒక్క ఇళ్ళు ఒక్క మాట మీద లేచినయి. ఎనిమిది నెలలు ఒక్క ఇల్లు తప్పిపోలే. అంత నమ్మకం నాకు ఇంకెక్కడ దొరుకుతది చెల్లె?”

మెచ్చుకోలుగానే అన్నాడు. మోసం చెయ్యడానికి మమ్మల్నే ఎందుకు ఎంచుకున్నావని అడిగితే, మీరు నన్ను నమ్మారు కాబట్టి అంటున్నాడు.

వెనక గాజు చప్పుడు వినిపించింది.

అమ్మన్నమ్మ ఫ్రీజర్‌లో చెయ్యి పెట్టి, తన పేరున్న సీసాను మంచులోంచి ఊడబెరుకుతోంది. పేరు చదవలేదు. కానీ జెరూషా వేలు ఏ సీసా మీద ఆగిందో చూసింది.

“పెద్దమ్మా, అది ముట్టొద్దు. అది సంస్థది.” రఘురాం లేచాడు.

“మా అత్త సోంపేట నుండి చెంబులో పోసి, ఒళ్ళో పెట్టుకు తెచ్చినాది దీన్ని. రెండు రాత్రులు రైల్లో కునుకు తియ్యలేదు, ఒలికిపోద్దని. వీదిలో ఎవులు కొత్తగా కాపురమెట్టినా నా కుండలోంచే చెంబెడు పోసినాను.” ఆమె సీసాను చీర కొంగులో చుట్టి బొడ్డున దోపుకుంది. “నీ సంస్థ ఏ రైల్లో దిగినాది బాబూ?”

రఘురాం చెయ్యి చాచి, మళ్ళీ దించేశాడు. డెబ్భయ్యేళ్ళ మనిషి బొడ్డులో చెయ్యి పెట్టేంత ధైర్యం ఆయనకు లేదు.

“అరుంధతి ఏ జట్టు?” అంది జెరూషా.

“చెప్పరాదు. ఏప్రిల్ దాక కవర్ల సీలు తియ్యరాదు. నాకు గూడ తెల్వదు.”

“‘ప్రాణం మీదికి వస్తే ఆ ఒక్క బిడ్డ కవరు విప్పవచ్చు.’ మీరిచ్చిన ఒప్పుకోలు కాగితంలో నాలుగో వాక్యం. చదవడం రాని తల్లులకు చదివి వినిపించింది నేను. వేలిముద్ర వేయించింది నేను. ఆసుపత్రి డాక్టరు నిన్న అడిగాడు, ఎనిమిది నెలలుగా పిల్ల ఏం తాగుతోందని. ఏమని చెప్పమంటారు?”

“ఒక గంట ఆగు. ఫోన్‌లో పైవాళ్ళను అడిగి...”

“కవరు.”

“చూడకు చెల్లె.” ఈసారి ఆ గొంతులో పాఠం లేదు. “నీ మంచికే చెప్తున్న. నా మీద కేసు పెట్టుకో, పేపర్ల రాయించు. ఆ కవరు మాత్రం విప్పకు.”

తన కేసుకు భయపడనివాడు ఒక కవరుకు ఎందుకు భయపడుతున్నాడు?

జెరూషా కవర్లుండే బీరువా వైపు నడిచింది. తాళంచెవి దానికీ పట్టింది. శిబానీకి అంతా తెలుసు.

*

అరవై కవర్లు, నంబర్ల వరసలో. అరుంధతిది ఇరవై ఏడు. అది ఆమెకు కంఠతా వచ్చు. చీటీలు తీసింది తనే.

పోయిన జూన్ మొదట్లో, కుండలు పగలకముందు, చర్చి వరండాలో. కానుకల సంచిలో అరవై చీటీలు వేశారు. లాటరీ అంటే మోసమని తల్లులు గొణుగుతుంటే, సంచిని యేసురత్నమే చేతిలోకి తీసుకుని ప్రార్థన చేశాడు. ‘చీటీ తీసేది జెరూషా చెయ్యి, ఇచ్చేది దేవుడు’ అన్నాడు. అందరూ శాంతించారు. జెరూషా కళ్ళు మూసుకుని తీసింది. ఒక్కో పిల్ల పేరు పిలవడం, చీటీ తీయడం, తండ్రి రిజిస్టరులో రాయడం. అరుంధతికి ఇరవై ఏడు. ఆ వెంటనే తన ఆదాముకు ఇరవై ఎనిమిది. ఏ నంబరు ఏ జట్టో ఎవరికీ తెలియదు. దేవుడికి తప్ప, అని నవ్వాడు తండ్రి.

ఇరవై ఏడో కవరు మైనపు ముద్ర పగిలే ఉంది. పగిలిన ముద్ర మీద జిగురు రాసి అతికించారు.

జెరూషా గోటితో చించింది. లోపల టైపు చేసిన చిన్న చీటీ. ‘27: ఎ-14.’

ఒక్క క్షణం ఊపిరి వచ్చింది. అయితే అరుంధతి మంచి పొడే తాగింది. అయితే ఈ జబ్బుకు కుండ కారణం కాదు, తను కారణం కాదు...

చీటీని వెలుతురులో పెట్టింది. ‘ఎ-14’ మీద ఎర్రసిరాతో ఒక గీత ఉంది. పక్కన రఘురాం అక్షరాలు: ఉత్త పొడి.

చీటీ వెనక గుండుసూదితో గుచ్చిన మరో కాగితం. చర్చి రశీదు పుస్తకంలోంచి చింపింది. రెండు వరసల తెలుగు రాత. గుండ్రటి అక్షరాలు, ఒక్కోటి విడివిడిగా, వరస తప్పకుండా. ఆ రాతను ఆమె ఎక్కడ చూసినా పోల్చుకోగలదు. షాలిమార్ రైల్వే క్వార్టర్సులో, ఆరేళ్ళప్పుడు, పలక మీద ఆ అక్షరాల మీదే బలపం తిప్పి దిద్దింది. వీధిలో తన ఈడువాళ్ళకు ఎవరికీ రాని తెలుగు చదువు తనకు అలాగే వచ్చింది.

చదివింది. మళ్ళీ చదివింది.

‘ఇరవై ఏడవ నంబరు చీటీ నా మనవడు ఆదామునకు మార్చవలెను. కుండల విషయమై తమరు కోరినట్లు సంఘమునకు నేను చెప్పెదను.’

కింద సంతకం. తేదీ: జూన్ తొమ్మిది, 2007. కుండలు పగిలిన ఆదివారానికి ముందురోజు.

ఆగస్టు నుంచి ఒక్కసారీ కూతలు రాని ఆదాము. క్రిస్మస్ నాటి కృతజ్ఞత కానుక. ఒక్కడైనా బాగుండాల అన్న ముసలమ్మ మాట. అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి.

“ఈ కాగితం ఎందుకు ఉంచారు?” జెరూషా దాన్ని రఘురాం వైపు తిప్పింది.

“రేపు మీ నాయన మాట మారిస్తే నా దగ్గర ఏదన్న ఉండాలె కదా.” రఘురాం నేల చూస్తూ అన్నాడు. “ఏది ఏ జట్టో నేనే చెప్పిన. అడిగిండు. మనవడికి ఊపిరి ఆడుతలేదని ఏడ్చిండు. అదే నేను చేసిన తప్పు.”

అదే తప్పట. మిగతాదంతా కాదట.

అమ్మన్నమ్మ దగ్గరికి వచ్చింది. కొంగులో సీసా మీది మంచు కరగడం మొదలైనట్టుంది, బొడ్డు దగ్గర చీర తడిసింది. కాగితం వైపు, జెరూషా మొహం వైపు మార్చి మార్చి చూసింది.

“ఏటి రాసుందే? బెంగాలీయా?”

“కాదు మామ్మా.”

“ఇంగిలీసా?”

“తెలుగే.”

“తెలుగైతే సదువు మరి. నా గుంట అరుంధతి గురించే కదా.”

అబద్ధం చెప్పడం చాలా సులువు. ఈమెకు అక్షరం రాదు. ‘అరుంధతి ఉత్త పొడి జట్టు, చీటీలో అలా వచ్చింది’ అంటే చాలు. దేవుడిచ్చిన చీటీ అనుకుని తల పంకిస్తుంది. సాయంత్రం ఆదాము బుగ్గ మళ్ళీ నిమురుతుంది. ఎనిమిది నెలల కిందట కలరా అని చెప్పినప్పుడు కూడా ఇలాగే, నోటి వైపు చూస్తూ నమ్మింది.

కింద గేటు దగ్గర సైకిల్ బెల్లు రెండుసార్లు మోగింది. రఘురాం తల ఎత్తాడు. ఆయన ఇందాకటి నుంచీ కిటికీ వైపు ఎందుకు చూస్తున్నాడో, దర్వాన్ కబురుతో ఆ ఫోను ఎవరికి చేశాడో జెరూషాకు అప్పుడు అర్థమైంది. ఆ బెల్లు తనకు తెలుసు. చిన్నప్పుడు ఆ చప్పుడు వినగానే క్వార్టర్సు గుమ్మంలోకి పరుగెత్తేది.

మెట్ల మీద అడుగులు. ఆయాసపడుతున్న, వయసు మీద పడిన అడుగులు.

“ఒలే, సదవ్వేటి?”

జెరూషా కాగితం సాపు చేసింది. “‘ఇరవై ఏడవ నంబరు చీటీ...’”

“చదవకమ్మా.”

గుమ్మంలో యేసురత్నం నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా చెమటకు ఒంటికి అంటుకుంది. ఒక చెయ్యి తలుపు మీద ఉంది. రెండో చెయ్యి ఆమె వైపు చాచి ఉంది, కాగితం కోసం.

“జెరూషా, చదవకు. నేనే చెప్తాను. ఆమెకు నేనే...”

ఆమెకు అక్షరాలు పలికించిన గొంతు అది.

అమ్మన్నమ్మ వెనక్కి తిరిగి ఆయన్ను చూసింది. ఆయన చాచిన చేతిని చూసింది. తర్వాత మెల్లగా జెరూషా వైపు తిరిగి, సీసా ఉన్న చోట కొంగు గట్టిగా పట్టుకుంది.

“సదువు,” అంది.

జెరూషా కాగితాన్ని కిటికీ వెలుతురుకేసి తిప్పింది.